గణకయంత్ర చరిత్రమున మఱుగుపడిన స్త్రీలు

లెక్కలు మగవారి విద్య యను మాట మన యిండ్లలో నేటికిని వినవచ్చుచునే యున్నది. కొడుకునకు గణితమున మార్కులు తక్కువ వచ్చినచో "వీడు శ్రద్ధ చేయుట లేదు" అని తల్లిదండ్రు లందురు. కూతునకు తక్కువ వచ్చినచో "ఆడపిల్ల కదా, లెక్కలు దానికి పట్టుబడవు" అందురు. తప్పు ఒక్కటియే, తీర్పులు మాత్రము రెండు. ఇట్లు పలుకువారి యింటనే పాలలెక్కయు, చాకలిపద్దును, చీటీల వాయిదాలును, పండుగ ఖర్చును వ్రేళ్లమీద కట్టి చెప్పునది యిల్లాలే. గోడమీద బొగ్గుగీతలు గీసి నెలపద్దు నిలిపిన అవ్వలను మనలో పలువు రెఱుగుదురు. వారు చేసినది గణితము కాదని యెవరును నిరూపింపలేదు. అది గణితమని యొప్పుకొన్నవారు మాత్రము లేకపోయిరి.

ఈ యన్యాయము మన దేశమునకు మాత్రమే చెందినది గాదు. నేడు బ్యాంకు మొదలు వైద్యశాల వఱకు, రైలుబండి మొదలు రైతుబజారు వఱకు సమస్త వ్యవహారములను నడపుచున్న కంప్యూటరు పుట్టిన చోటనే, పెరిగిన కాలముననే యిది జరిగినది. ఆ యంత్రమునకు పని నేర్పినవారిలో తొలి తరమువారు స్త్రీలు. ఆ పని గౌరవాస్పదమైన పిమ్మట వారిని మఱచినవారు తరువాతి తరములవారు. ఈ చరిత్రమును సంగ్రహముగా దెలుపుటయే యీ వ్యాసము యొక్క యుద్దేశము. ఇది కేవలము వినోదమునకై చెప్పు కథ గాదు. మన బిడ్డల చదువును గూర్చి మనము రేపు చేయబోవు తీర్మానములకు దీనితో సంబంధము కలదు.

కంప్యూటరను మాట తొలుత యంత్రమునకు పేరు గాదు. ఇంగ్లీషు భాషలో మూడువందల యేండ్ల కాలము అది మనుష్యులకే చెల్లెను. లెక్కలు కట్టుటయే వృత్తిగా గలవారు కంప్యూటరులు; మన మాటలో జెప్పవలెనన్న గణకులు. గ్రహముల గతులు, సముద్రపు ఆటుపోటుల వేళలు, నావికులకు దారి జూపు పట్టికలు, ఇవన్నియు నట్టి గణకుల చేతిపనియే. సంఖ్యలను కూడి, గుణించి, సరిచూచి, మఱల సరిచూచి వ్రాయుట మిక్కిలి యోర్పుతో గూడిన పని. ఓర్పు స్త్రీలకు సహజమనియు, వారికి జీతము తక్కువ యిచ్చినను చాలుననియు దలచి, పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమునుండి అమెరికాలోని కొన్ని విద్యాస్థానములు ఈ పనికి స్త్రీలను జేర్చుకొనసాగెను.

హార్వర్డు విశ్వవిద్యాలయపు నక్షత్రశాల యిందుకు ప్రసిద్ధమైన నిదర్శనము. దానికి అధ్యక్షుడైన ఎడ్వర్డు పికరింగు తన యింట పనిమనిషిగా నున్న విలియమీనా ఫ్లెమింగును 1881లో నక్షత్రశాల యుద్యోగమున బెట్టెను. ఆమె స్కాట్లండునుండి వచ్చినది. గర్భవతిగా నున్నపుడే భర్త యామెను విడిచిపోయెను. పొట్టకూటికై పరులయింట పాచిపని చేసిన యా యువతియే పదివేలకు పైగా నక్షత్రములను తరగతులుగా విభజించెను. అదే శాలలో గంటకు కొన్ని సెంట్ల కూలికి పనిచేసిన హెన్రియెట్టా లెవిట్టు, కొన్ని తారల వెలుగు హెచ్చి తగ్గు కాలమునకును వాని నిజమైన ప్రకాశమునకును గల సంబంధమును గనిపెట్టెను. దూరపు నక్షత్రమండలముల దూరమును గొలుచుటకు శాస్త్రజ్ఞులకు దొరకిన కొలబద్ద యదియే. 1912లో వెలువడిన యా పత్రము క్రింద నున్న సంతకము పికరింగుది. దానిని సిద్ధపఱచినది లెవిట్టు అను మాట మాత్రము మొదటి వాక్యమున నుండెను. పేరు వాక్యమున నుండుట వేఱు, సంతకమున నుండుట వేఱు. ఈ భేదమును చదువరులు గుర్తుంచుకొందురుగాక.

ఇక యంత్రము మాట. ఇంగ్లండు దేశీయుడైన చార్లెసు బాబేజి ఏ గణితమునైనను చేయగల యొక మహాయంత్రమును గల్పన చేసెను. దానికి ఆజ్ఞ లిచ్చుటకు రంధ్రములుగల అట్టలను వాడవలెనని యతడు తలచెను. ఆ యుపాయము జకార్డు మగ్గమునుండి గ్రహించినది. మన ధర్మవరము పట్టుచీరల నేతలో నట్టి యట్టల వరుస తిరుగుచుండగా అంచుమీద లతలును హంసలును తేలుటను చూచినవారికి దీని మర్మము సులభముగా దెలియును. రంధ్రమున్నచోట నొక దారము లేచును, లేనిచోట లేవదు. ఈ యంత్రమును గూర్చి ఇటలీ దేశీయుడు మెనబ్రియా ఫ్రెంచిభాషలో వ్రాసిన వ్యాసమును, బైరను కవి కుమార్తెయైన ఆడా లవ్‌లేసు ఇంగ్లీషులోనికి దెచ్చి 1843లో ప్రకటించెను. ఆమె దానికి జేర్చిన వివరణములు మూలముకంటె సుమారు మూడు రెట్లు పెద్దవి. వానిలో కడపటిదానియందు, బెర్నూలీ సంఖ్యలను యంత్రము వరుసగా నెట్లు గణింపవలెనో మెట్టుమెట్టుగా జూపెను. ఈ యంత్రము అంకెలకే పరిమితము గాదనియు, నియమములతో నిరూపింపదగిన సంగీతము వంటివానికిని పనికివచ్చుననియు నామె యూహించెను. తన పూర్తి పేరునకు బదులు మూడక్షరములను మాత్రమే యా రచనకు బెట్టినది. బాబేజి యంత్రము పూర్తికాలేదు. ఆమె 1852లో ముప్పదియాఱవ యేట మరణించెను.

తరువాత నొక శతాబ్దము గడచెను. రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. ఫిరంగినుండి వెడలిన గుండు ఎంత దూరమున బడునో తెలియుటకు, గాలి, చలి, గొట్టపు వాలు మున్నగు వానినిబట్టి ప్రతి ఫిరంగికిని పట్టికలు కావలసివచ్చెను. పురుషులు యుద్ధభూమికి బోయినందున అమెరికా సైన్యమువారు గణితము చదివిన స్త్రీలను వెదకి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు మూర్ ఇంజనీరింగు కళాశాలలో కూర్చుండబెట్టి లెక్కలు కట్టించిరి. ఒక్క గుండు పోవు దారిని చేతితో గణించుటకు ఇరువది మొదలు నలువది గంటలు పట్టెడిది; పట్టికకు అట్టివి వందలకొలది కావలెను. ఈ యిబ్బందిని దీర్చుటకై 1943లో జాన్ మాక్లీ, ప్రెస్పరు ఎకర్టు అను వారిరువురు ఎనియాక్ అను యంత్రమును నిర్మింప మొదలిడిరి. దానిలో సుమారు 18,000 వాక్యూము గొట్టములు. బరువు సుమారు 30 టన్నులు. అన్ని విధములైన గణితములకును పనికివచ్చు తొలి ఎలక్ట్రానిక్ గణకయంత్రములలో నది ముఖ్యమైనది.

యంత్రమును గట్టినంత మాత్రమున నది లెక్క కట్టదు. ఏ తీగను ఎచ్చట తగిలింపవలెను, ఏ మీటను ఎంత త్రిప్పవలెను, ఏ సంఖ్య ఏ క్షణమున ఎచ్చటికి బోవలెను అనునది ముందుగా నిర్ణయింపవలెను. ఈ పనికి 1945లో ఆఱుగురు స్త్రీలను ఎన్నుకొనిరి. కే మెక్‌నల్టీ, జీన్ జెన్నింగ్సు, బెట్టీ స్నైడరు, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సిస్ బైలాస్, రూత్ లిక్టర్మన్ అనునవి వారి పేర్లు. మెక్‌నల్టీ ఐర్లండునుండి వచ్చిన పేద కుటుంబపు బిడ్డ. ఇంట ఐరిషు భాష తప్ప ఇంగ్లీషు తెలియదు. జెన్నింగ్సు మిసోరి రాష్ట్రపు రైతు కూతురు. స్నైడరు కళాశాలలో చేరిన తొలిదినముననే, నీవు ఇంటివద్ద పిల్లలను బెంచుకొనుట మేలు కాదాయని గణితోపాధ్యాయుడు ప్రశ్నింపగా, నొచ్చుకొని గణితము విడిచి పత్రికారచన చదివినది. ఆ గణితమే తుదకు ఆమెను వెదకికొని వచ్చినది.

యంత్రము సైన్యపు రహస్యము. అనుమతి లేనందున వారిని మొదట దానిదరికి రానీయలేదు. దాని చిత్తుపటములను మాత్రము చేతికిచ్చి, పని యెట్లు చేయునో మీరే తెలిసికొనుడనిరి. నేర్పు గురువు లేడు, పుస్తకము లేదు, ఆ విద్యకు అప్పటికి పేరును లేదు. వారు పటములను జదివి, నిర్మించినవారిని ప్రశ్నించి, ఒక్కొక్క భాగమును బోధపఱచుకొని, తామే పద్ధతులు గల్పించుకొనిరి. ఏ గొట్టము చెడినదో గుర్తించుటలో యంత్రమును గట్టిన యింజనీర్లకే తోడ్పడునంతటి ప్రజ్ఞను సంపాదించిరి.

1946 ఫిబ్రవరిలో ఎనియాక్‌ను లోకమునకు జూపించిరి. ప్రదర్శనమునకు గుండు దారిని గణించు కార్యక్రమమును సిద్ధము చేసినవారు స్నైడరు, జెన్నింగ్సు. ముందటి రాత్రి యొక తప్పు తేలెను. గుండు నేల దాకిన పిమ్మటను లెక్క ఆగక సాగుచుండెను. ఆలోచించి, విసిగి, ఇంటికి బోయి నిద్రించిన స్నైడరునకు తెల్లవారునప్పటికి ఏ మీటను సవరింపవలెనో స్ఫురించెనట. మఱునాడు, నిజమైన గుండు పోవుటకు ముప్పది క్షణములు పట్టుచుండగా యంత్రము ఇరువది క్షణములలో లెక్క ముగించెను. చూచినవారు విభ్రాంతులైరి. పత్రికలలో యంత్రమును గూర్చియు, దానిని గట్టిన పురుషులను గూర్చియు వార్తలు నిండెను. ఆ రాత్రి జరిగిన విందునకు ఈ స్త్రీలను బిలువలేదు. ఫిబ్రవరి చలిలో తమ దారిని తాము ఇండ్లకు బోతిమని జెన్నింగ్సు వృద్ధాప్యమున చెప్పుకొనినది.

విందునకు బిలువకపోవుట చిన్నమాట; చరిత్రమునకు బిలువకపోవుట పెద్దమాట. యంత్రము పటములలో ఈ స్త్రీలు నిలిచియున్నను, క్రింద వారి పేర్లు లేవు. 1980 దశకమున హార్వర్డులో చదువుచుండిన కాథీ క్లైమన్ అను విద్యార్థిని ఆ పటములను జూచి, వీరెవరని విచారింపగా, యంత్రము అందముగా గనబడుటకై నిలుపబడిన బొమ్మలవంటివారని జవాబు వచ్చినదట. ఆమె నమ్మక, వెదకి, వారిని గనుగొని, వారి మాటలను వ్రాసికొనెను. 1997లో ఆ యాఱుగురికిని ఒక సన్మానము లభించెను. అప్పటికి యాబది యేండ్లు గడచెను. లిక్టర్మన్ అంతకుముందే గతించెను.

ఈ యాఱుగురు లెక్కలు కట్టుచున్న కాలముననే మన మద్రాసులో జరిగిన యొక సంగతిని ఇచట జెప్పకుండ జాలము. రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహమును జరిపించి అఱువది యేండ్లు కావచ్చినను, వితంతువైన బాలిక యింటి మూలయందే కాలము గడపవలెనను నమ్మకము పోలేదు. అట్టి దినములలో తెలుగు కుటుంబపు బిడ్డయైన అయ్యలసోమయాజుల లలిత పదునైదవ యేట వివాహమై, పదునెనిమిదవ యేట, చంకలో నాలుగు నెలల పసిబిడ్డ యుండగా, భర్తను గోల్పోయెను. గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులైన ఆమె తండ్రి పప్పు సుబ్బారావుగారు లోకమునకు వెఱవక, కూతును 1940లో ఆ కళాశాలయందే ఎలక్ట్రికల్ ఇంజనీరింగు విద్యలో బ్రవేశపెట్టిరి. వందలకొలది పురుషులనడుమ నామె యొంటరి గాకుండుటకై సివిల్ ఇంజనీరింగున మఱి యిద్దరు స్త్రీలను జేర్చుకొనిరి. పట్టా పత్రములలో "అతడు" అని ముందే యచ్చయియున్న పదమును కొట్టివేసి, "ఆమె" అని చేతితో వ్రాయవలసివచ్చెను. లలితగారు కలకత్తాలో విద్యుచ్ఛక్తి సంబంధమైన యంత్రనిర్మాణపు టుద్యోగమున బహుకాలము పనిచేసి, 1964లో న్యూయార్కునందు జరిగిన స్త్రీ ఇంజనీర్ల తొలి అంతర్జాతీయ సభకు బోయి, 1979లో దివంగతులైరి. ఒక తండ్రి ధైర్యము, ఒక కళాశాల సమ్మతి, ఒక స్త్రీ పట్టుదల, ఈ మూడును గలసినపుడు శాస్త్రములు కట్టిన గోడయు దారి విడుచునని దీనివలన దెలియుచున్నది.

యుద్ధానంతరము గణకయంత్రములు వ్యాపారములోనికి వచ్చెను. గణితమున డాక్టరు పట్టము పొందిన గ్రేస్ హాపరు 1943లో అమెరికా నౌకాదళమున జేరి, యంత్రములకు ఆజ్ఞలు వ్రాయుటలో ప్రావీణ్యము సంపాదించెను. అంకెలలో నాజ్ఞలిచ్చుటకు మాఱుగా, మనుష్యులు మాటలతో వ్రాసినదానిని యంత్రమే తనకు దెలియు అంకెలుగా మార్చుకొనవలెనని యామె తలంపు. యంత్రము కూడికలు చేయునే గాని మాట లెట్లు గ్రహించునని పెద్దలు నవ్విరి. ఆమె 1952లో అట్టి తర్జుమా కార్యక్రమమును జేసి చూపెను. ఆ మార్గముననే 1959లో కోబాల్ అను వ్యాపారభాష పుట్టుటకు బునాది పడెను. బ్యాంకుల లెక్కలు అనేక దశాబ్దములు ఆ భాషలోనే నడచెను. హాపరు 1986లో డెబ్బదితొమ్మిదవ యేట రియర్ అడ్మిరలు పదవినుండి విరమించెను.

జాతిభేదమను రెండవ గోడనుగూడ దాటినవారు కొందఱు. వర్జీనియా రాష్ట్రపు లాంగ్లీ పరిశోధనశాలలో నల్లజాతి స్త్రీ గణకులకు వేఱు గది, వేఱు భోజనపు బల్ల యుండెను. మన గ్రామములలోని వేఱు గ్లాసును, వేఱు బావిని ఎఱిగినవారికి దీని బాధ వివరింప నక్కఱలేదు. వారిలో కాథరిన్ జాన్‌సన్ 1962లో జాన్ గ్లెన్ భూమిని జుట్టివచ్చుటకు ముందు, యంత్రము కట్టిన లెక్కను చేతితో సరిచూచెను; యంత్రముకంటె ఆమె లెక్కమీదనే గ్లెన్‌కు నమ్మకము హెచ్చు. డొరతీ వాన్ అను వేఱొక స్త్రీ చేసిన పని యింకను ఆలోచింపదగినది. యంత్రములు వచ్చుచున్నవనియు, చేతిలెక్కల యుద్యోగములు పోవుననియు ముందుగా గ్రహించి, ఆమె ఫోర్‌ట్రాన్ అను యంత్రభాషను తాను నేర్చి, తనక్రింద పనిచేయువారికిని నేర్పెను.

ఇంతవఱకు చెప్పినది స్త్రీలు లోని కెట్లు వచ్చిరో. వెలుపలి కెట్లు పోయిరో యిక జెప్పవలెను. యంత్రమును గట్టుట గొప్పపని, దానికి ఆజ్ఞలు వ్రాయుట గుమాస్తాపని యని తలచినంతకాలము ఆ గుమాస్తాపని స్త్రీలకు దక్కెను. 1960 దశకమున ఆజ్ఞలు వ్రాయుటయే కఠినమనియు, విలువగలదనియు లోకము గుర్తించెను. జీతములు పెరిగెను; బిరుదులు వచ్చెను. తగినవారి నెన్నుకొనుటకు పరీక్షలు కల్పించిరి. 1966లో ఇద్దరు మనస్తత్వశాస్త్రజ్ఞులు అధికసంఖ్యాకులు పురుషులేయైన ప్రోగ్రామరుల నొక గుంపును పరిశీలించి, వీరికి మనుష్యులతో మెలగుట యిష్టము లేదని తేల్చిరి. కొలువునకు ఆ గుణమే లక్షణమని యజమానులు భావించిరి. ఉన్నవారిని చూచి కొలబద్ద చేసి, ఆ కొలబద్దతో రాబోవువారిని గొలిచిన, ఉన్నవారి వంటివారే మఱల వత్తురు గాని అన్యులు రారు.

ఈ మార్పునకు ఎదురీదిన వ్యాపారస్థురా లొకతె ఇంగ్లండునం దుండెను. స్టెఫనీ షెర్లీ జర్మనీలో 1933లో పుట్టి, యూదుజాతి తండ్రిగల బిడ్డయగుటచేత 1939లో తలిదండ్రులను విడిచి శరణార్థి బాలల రైలులో ఇంగ్లండు చేరినది. స్త్రీ యను కారణముచేత కొలువులో పైకి రానీయకపోగా, 1962లో ఆఱు పౌండ్ల మూలధనముతో, తన భోజనపు బల్లమీదనే ప్రోగ్రాములు వ్రాసియిచ్చు వ్యాపారమును బెట్టెను. వివాహమైన పిమ్మట, బిడ్డలు గలిగిన పిమ్మట కొలువు విడిచిన చదువరులైన స్త్రీలకే ఆమె పని యిచ్చెను. వారు ఇంటినుండియే పని చేసెడివారు. తొలి మూడువందల మందిలో 297 మంది స్త్రీలు. తన పేరుతో వ్రాసిన యుత్తరములకు జవాబు రాకపోగా, "స్టీవ్" అను మగపేరుతో సంతకము చేసెను; జవాబులు రాసాగెను. టెలిఫోను మ్రోగినపుడు బిడ్డ యేడ్పు వినబడకుండ టైపుయంత్రపు చప్పుడును టేపుమీద వినిపించెడిదట. కాంకార్డు విమానపు బ్లాక్ బాక్సు లెక్కలు ఇట్టి గృహిణుల చేతనే వ్రాయబడెను. 1975లో ఉద్యోగములయందు స్త్రీపురుష భేదమును నిషేధించు చట్టము వచ్చినప్పుడు, స్త్రీలకొఱకు నడచిన యీ సంస్థయే పురుషులను జేర్చుకొనవలసివచ్చెను. ఇంటినుండి కొలువు చేయుట 2020లో పుట్టిన క్రొత్తయని తలచువారు ఈ గృహిణులను స్మరింతురుగాక.

1980 దశకమున చిన్న కంప్యూటరులు ఇండ్లలోనికి వచ్చెను. మేలు జరుగవలసిన చోటనే కీడు జరిగినది. అంగళ్లవారు వానిని మగపిల్లల యాటవస్తువులుగా బ్రకటించిరి. తండ్రులు కొని కొడుకుల గదిలో బెట్టిరి. అమెరికాలో కంప్యూటరు శాస్త్రపు పట్టములు పొందినవారిలో స్త్రీలు 1984 ప్రాంతమున నూటికి 37 మంది యుండగా, పాతికయేండ్లలో నా సంఖ్య సుమారు 18కి దిగజారెను. వైద్యమునను, న్యాయవాదమునను స్త్రీల సంఖ్య పెరుగుచున్న కాలముననే యిక్కడ తగ్గుట వింత.

స్త్రీలకు ఈ విద్యయందు సహజముగా నభిరుచి లేదేమో యని కొందఱు ప్రాజ్ఞు లనిరి. దీనికి జవాబు పిట్స్‌బర్గునందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున దొరకెను. అచటి కంప్యూటరు శాస్త్రపు తరగతిలో 1995లో చేరినవారిలో స్త్రీలు నూటికి 7 మంది. జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ అను వారిరువురు విద్యార్థులతో విరివిగా మాటాడి, కారణములు వెదకిరి. మగపిల్లలు ఇంటివద్ద నేర్చుకొని వచ్చిన విద్యనే ఉపాధ్యాయులు బుద్ధిబలమని భ్రమపడుచున్నట్లు తేలెను. అంతట ప్రవేశమునకు పూర్వపు ప్రోగ్రాము అనుభవమును ప్రధానముగ నెంచుట మానిరి. అనుభవము లేనివారు మొదలిడుటకు వేఱు తరగతులు పెట్టిరి. 2000 నాటికి క్రొత్తగా చేరినవారిలో స్త్రీలు నూటికి 42 మంది యైరి. అయిదేండ్లలో స్త్రీల మెదడు మాఱునా? మాఱినది వాకిలియే. ఆ సంవత్సరములలో, 1991 మొదలు 1999 వఱకు, ఆ విద్యాశాఖకు డీనుగా నుండినవారు నాటి చిత్తూరు జిల్లా కాటూరులో రైతుకుటుంబమున బుట్టి, లలితగారు చదివిన గిండీ కళాశాలలోనే 1958లో పట్టము పొంది, 1994లో ట్యూరింగు బహుమతి గ్రహించిన డాక్టరు దబ్బాల రాజగోపాలరెడ్డిగారు. తమ కుటుంబమున కళాశాల గడప ద్రొక్కిన తొలివారాయన. గ్రామములలోని పదవ తరగతి విద్యార్థులకై 2008లో నెలకొల్పబడిన రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయమునకు తొలి చాన్సలరును వారే.

మన దేశపు సంగతి కొంత మేలు. ఇచట కంప్యూటరు తరగతులలో ఆడపిల్లల పాలు అమెరికాలోకంటె చాల హెచ్చు. ఎండలో పనిలేని, గౌరవమైన, కూతును ధైర్యముగా బంపదగిన యుద్యోగమని మన తలిదండ్రులు దీనిని భావించిరి. అక్కడ మగపని యన్నదానినే యిక్కడ ఆడపిల్లకు తగినపని యనుచున్నారు. పనికి లింగము లేదనుటకు ఇంతకన్న సాక్ష్యమేమి? అయినను మనము సంతోషించి కూర్చుండరాదు. ఐ.ఐ.టీ.లలో 2016 ప్రాంతమున బాలికలు నూటికి పదిమందియు లేరు. కోచింగునకై కొడుకును కోటాకో హైదరాబాదునకో బంపువారు కూతును ఊరిదగ్గఱి కళాశాలకు బంపుటయే యిందుకు గల కారణములలో నొకటి. 2018నుండి బాలికలకు అదనపు సీట్లు కల్పింపగా, 2020 నాటికి వారి పాలు నూటికి ఇరువది యయ్యెను. ఉద్యోగముల మెట్టు లెక్కుకొలది స్త్రీల సంఖ్య తగ్గుట కనుల కగపడుచునే యున్నది. పెండ్లియైనంతనే, బిడ్డ పుట్టినంతనే కొలువు విడువుమని యడుగబడునది నేటికిని భార్యయే.

2022 నవంబరు మొదలు, మనుష్యభాషలో నడిగిన ప్రశ్నకు మనుష్యభాషలోనే జవాబు వ్రాయు యంత్రములు జనసామాన్యమునకు అందినవి. అవి ప్రోగ్రాములను గూడ వ్రాయుచున్నవి. ఇక ఈ చదువు దేనికని కొందఱు తలిదండ్రులు సందేహించుచున్నారు. చరిత్ర మిచ్చు జవాబు స్పష్టము. చేతిలెక్కలు పోయినప్పుడు, యంత్రమును నేర్చుట కవకాశము దొరకిన గణకురాండ్రు ఆ యంత్రములకే గురువులైరి. దొరకనివారు ఇండ్లకు బోయిరి. ప్రతి మార్పు దినమునను ప్రశ్న యొక్కటియే: క్రొత్తయంత్రముముందు ఎవరిని గూర్చుండనిత్తురు? ఎవరు లేనిచోట యంత్రము తయారగునో వారికే అది హాని చేయుననుటకును నిదర్శనము కలదు. ముఖమును జూచి స్త్రీయో పురుషుడో చెప్పు యంత్రములను జాయ్ బూలంవీనీ, టిమ్నిట్ గెబ్రూ అను స్త్రీలు 2018లో పరీక్షింపగా, తెల్లని పురుషుల విషయమున తప్పులు నూటికి ఒకటికి మించలేదు. నల్లని స్త్రీల విషయమున ఒక యంత్రము నూటికి 34కు పైగా తప్పులు చేసెను.

కాబట్టి, సోదరీసోదరులారా, ఈ సంస్కరణము శాసనసభలో గాదు, మన నట్టింటిలో మొదలు కావలెను. ఇంటికొక్క కంప్యూటరే యున్నచో అది యెవరి గదిలో నున్నదో చూచుకొనుడు. ఒక్క సెల్‌ఫోనే యున్నచో పాఠపువేళ అది యెవరిచేతికి బోవుచున్నదో గమనింపుడు. కూతురు యంత్రమును విప్పి చూడబోయిన "చెడిపోవునే" యని చేయి పట్టుకొనక, కొడుకును ఎట్లు విప్పనిచ్చితిరో యట్లే విప్పనిండు. ఎనియాక్ ముందర నిలిచిన యా స్త్రీల పటముక్రింద పేర్లు లేకపోవుట నేడు మన మేమి చేసినను జరిగిపోయినదే. మన యింటి బిడ్డల పటముక్రింద పేరు వ్రాయుట మాత్రము మన చేతిలోనే యున్నది.